ఎదురు విమానం ఆయన

పొద్దున్నే వంటింట్లో ఇస్త్రీ పెట్టె వేడెక్కుతుండగా చెల్లెలు అడిగింది.

"ఇవాళైనా చెప్తావా, లేదా?"

అక్క యూనిఫాం కాలరు మీద నీళ్లు చిలకరించి, చుర్రుమనిపించి, మడత విప్పి మళ్లీ రుద్దింది. ఆ కాలరుకి అప్పటికే ఇస్త్రీ అయిపోయింది. మళ్లీ ఎందుకు రుద్దుతోందో చెల్లెలికి తెలుసు, పొయ్యి దగ్గర పాలు పొంగకుండా కాపలా కాస్తున్న మరిదికీ తెలుసు.

"ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పక్కర్లేదు వదినా," అన్నాడు మరిది. "రేపట్నుంచి ఆయన బల్ల ఎక్కడుగా."

"నాకు తెలుసు."

"తెలిసి కూడా ఇంత తాత్సారమా?" అంది చెల్లెలు. "అసలు నీ భయం ఏంటక్కా?"

"భయం కాదే. రోజుకో మాట మాట్లాడే మనిషి ఎవరైనా బాగానే ఉంటారు. రెండో మాట ఎలా ఉంటుందో?"

"అంటే?"

"అంటే అంతే. మీ ఆయన మొదటి మాట నాకూ బాగానే ఉంటుంది. 'వదినా, కాఫీ' అంటాడు. రెండో మాట పడేది నువ్వు."

మరిది కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టి, రెండో మాట మాట్లాడకుండా ముందు గదిలోకి వెళ్లిపోయాడు.

విమానాశ్రయంలో ఆవిణ్ణి అందరూ అక్కగారంటారు. వయసులో పెద్దవాళ్లు కూడా అలాగే అంటారు. నలభై దాటిన మనిషి, కాస్త ఒళ్లున్న మనిషి, నడిస్తే నేల మీద నమ్మకం ఉన్నట్టు నడుస్తుంది. ఆలోచించడం ఆవిడకు కొత్త కాదు. చెప్పులు కొనాలన్నా, నడిచి చూస్తానని కొట్లోంచి బయల్దేరి వీధి చివరిదాకా పోయి వచ్చే రకం. అలాంటి మనిషిని పెళ్లి చేసుకుందామా అని అడిగి, జవాబు చెప్పడానికి బల్ల మీద సగం చుట్టు తిరిగేంత సమయం ఇస్తే ఏం చేస్తుంది? ఆలోచిస్తున్నానంటుంది. ఆవిడ వానాకాలం నుంచీ అదే అంటోంది.

ఆ బల్ల సంగతి చెప్పాలంటే ముందు దారి సంగతి చెప్పాలి. ఆ విమానం దారి చాలా పొడుగు. ఇటు చివర ఈ ఊరు, అటు చివర ఇంకో ఊరు. రెండూ పెద్ద ఊళ్లేం కావు. ఒక్కో రన్‌వే, ఒక్కో గది, గది ముందు ఒక్కో బెంచీ. నగరాలకు పోయే పెద్ద విమానాలు ఈ ఊళ్ల నెత్తి మీంచి పోతాయి తప్ప తలొంచి చూడవు. ఎవరి బుర్రలో పుట్టిందో గానీ ఈ రెండు మూలల్నీ కలుపుతూ ఒక దారి వేశారు. పొద్దున ఇక్కణ్ణుంచి ఒక విమానం లేస్తుంది, అక్కణ్ణుంచి ఒకటి లేస్తుంది. సగం దారిలో, సముద్రం మీద, రెండూ ఎదురుపడతాయి. ఎదురుపడ్డాక ఆగుతాయి.

ఆగకపోతే కుదరదు మరి. రెండూళ్లలోనూ సిబ్బంది పడుకోవడానికి ఒక్క లాడ్జీ లేదు. పైగా పైలట్లందరూ సంసారులు, సాయంత్రానికి ఇల్లు చేరకపోతే ఇంట్లో ఊరుకోరు. అందుకని రెండు విమానాలూ పక్కపక్కన నిలబడతాయి, ఈ తలుపు నుంచి ఆ తలుపుకి ఒక చెక్కబల్ల వేస్తారు, ఇటు సిబ్బంది అటు, అటు సిబ్బంది ఇటు మారిపోయి ఎవరి ఊరికి వాళ్లు తిరిగిపోతారు. ప్రయాణికులు మాత్రం కూర్చున్న సీట్లోనే కూర్చుని ముందుకు పోతారు. ఆగిన ఆ కాసేపూ వాళ్లు కిటికీలు తీసి, "మా అన్నయ్య ఎక్కాడా మీ దాంట్లో?" అని అరుచుకుంటారు. మర్చిపోయి తెచ్చిన తాళంచేతులు, వదిలేసి వచ్చిన కళ్లజోళ్లు అందించుకుంటారు. చంటిపిల్లల్ని ఎత్తి చూపించుకుంటారు.

బల్ల మీద ఒకటే నియమం, మనిషికి మనిషి. గాల్లో నిలబడ్డ విమానాలు తక్కెడ పళ్లాల్లాంటివి. ఒక మనిషి ఇటు ఎక్కువైతే ఇటుది జారుతుంది, బల్ల వాలుతుంది. అందుకని అటునుంచి ఒకరు అడుగు వేస్తేనే ఇటునుంచి ఒకరు వేస్తారు. మధ్యలో ఇద్దరూ ఎదురైనప్పుడు, బల్ల సన్నం కనక, ఒకరి మోచేతులు ఒకరు పట్టుకుని సగం చుట్టు తిరిగి దాటాలి. కెప్టెన్‌తో కెప్టెన్, పక్క పైలట్‌తో పక్క పైలట్, అక్కగారితో ఎదురు విమానం ఆయన. ఆయన ఆ వైపు విమానంలో ఈవిడ చేసే పనే చేస్తాడు. సన్నగా, పొడుగ్గా, చెవుల దగ్గర నెరిసి ఉంటాడు. భార్య పోయి చాలాకాలమైంది.

ఆ సగం చుట్టులో సిబ్బంది ఒకరికొకరు పని అప్పగించుకోవాలి. కెప్టెన్లు మబ్బుల సంగతి చెప్పుకుంటారు. అక్కగారు ప్రయాణికుల సంగతి చెబుతుంది, ఆయనా చెబుతాడు. అంతా అయ్యాక ఊపిరి తీసుకోవడానికి ఎంత పడుతుందో అంత సమయం మిగులుతుంది. అందులో ఒక సొంత మాట పడుతుంది. మొదట్లో అది వాన గురించి ఉండేది. మీ ఊళ్లో వానా అని ఇవాళ ఈవిడ అడిగితే, అవును, మా మేనత్త చూరు కింద బిందెలు పెట్టింది అని రేపు ఆయన జవాబు వచ్చేది. రోజుకో మాట చొప్పున మాట్లాడుకునేవాళ్ల మధ్య గొడవ రావాలన్నా వారం పడుతుంది. వీళ్లకి ఒక గొడవ కూడా వచ్చింది. విమానంలో ఇచ్చే సూపులో ఉప్పు గురించి మొదలై, సర్దుకునేసరికి ఎండాకాలం అయిపోయింది.

వానాకాలంలో ఒకరోజు ఆయన, "మనం పెళ్లి చేసుకుంటే బాగుంటుందని నాకనిపిస్తోంది," అన్నాడు. మోచేతులు వదిలి తన దారిన తాను వెళ్లిపోయాడు. అక్కగారు తలుపు తప్పి విమానం గోడకు గుద్దుకుంది.

అప్పట్నుంచీ ఆలోచన. మరి ఒకసారి వెళ్లి ఆయన ఇల్లూ వాకిలీ చూసి రారాదా అని చెల్లెలు పోరు పెట్టింది. వెళ్లడానికి సీటు ఖాళీ ఉండాలిగా? రెండూళ్లకూ ఇదొక్కటే దారి కనక విమానం ఎప్పుడూ నిండే ఉంటుంది. ఎప్పుడన్నా ఒక సీటు మిగిలి, అక్కగారు సెలవు పెట్టి సంచీ సర్దుకుంటే, సరిగ్గా అప్పుడే ఎవరో పరుగెత్తుకొస్తారు. పరీక్షకు పోయే కుర్రాడు ఒకసారి, తమ్ముడికి బాగాలేదన్న ఆవిడ ఒకసారి. అక్కగారు లేచి సీటిచ్చేసి ఇంటికొచ్చేది. చెల్లెలికి ఒళ్లు మండిపోయేది. నిజం చెప్పాలంటే, సీటిచ్చేసినప్పుడల్లా అక్కగారికి కొంచెం హాయిగానే ఉండేది. చూడకపోతే తేల్చుకోనక్కర్లేదు కదా.

ఇంతలో ఆయన మోకాలు మొరాయించింది. బల్ల మీద తిరిగేటప్పుడు కలుక్కుమంటోందట. ఈ నెలాఖరుతో ఆయన్ని టికెట్ల కిటికీలో కూర్చోబెడుతున్నారు. ఆ నెలాఖరు ఇవాళే.

అక్కగారు విమానం ఎక్కేసరికి కెప్టెన్ మెట్ల దగ్గర నిలబడి డాక్టరమ్మతో మాట్లాడుతున్నాడు. ఊరందరి కాన్పులూ చేసే డాక్టరమ్మ ఆవిడే. ఎన్నో ఏళ్లకి సెలవు పెట్టి అవతలి ఊళ్లో ఉన్న స్నేహితురాలి దగ్గరకు వెళ్తోంది. కెప్టెన్ కూతురు నిండు నెలలతో ఉంది.

"ఇంకా రెండు వారాలుంది, కంగారు పడకండి," అంది డాక్టరమ్మ. "నేను ఆదివారానికల్లా వచ్చేస్తాగా."

"నేనెందుకు కంగారు పడతానండీ? వాళ్లమ్మ పడుతుంది," అన్నాడు కెప్టెన్, టోపీ తిరగేసి పెట్టుకుంటూ.

విమానం లేచింది. అక్కగారు కాఫీలు ఇచ్చింది, దుప్పట్లు కప్పింది. ఇవాళ అప్పగించాల్సినవి మనసులో వరసగా పెట్టుకుంది. కిటికీ పక్క పెద్దాయనకు ఎడమ చెవే వినబడుతుంది. పసుపు రంగు గౌను పిల్లకి వాంతులు. వెనక సీటు ఆవిడకి దిగేటప్పుడు భయం, ఎవరైనా చెయ్యి పట్టుకోవాలి. ఇవన్నీ చెప్పాక మిగిలే సొంత మాట కోసం ఆవిడ రెండు మాటలు తయారుగా ఉంచుకుంది. ఒకటి సరే అనేది, ఒకటి వద్దనేది. రెండూ బాగానే వచ్చాయి. ఏది బయటకు వస్తుందో ఆవిడకే తెలీదు.

సముద్రం మీద ఎదురు విమానం కనబడింది. రెండూ పక్కపక్కకి వచ్చి ఆగాయి. కిటికీలు తెరుచుకున్నాయి, కేకలు మొదలయ్యాయి. పక్క పైలట్ బల్ల తోశాడు, అటువాళ్లు అందుకుని బిగించారు. అవతలి తలుపులో ఆయన నిలబడి ఉన్నాడు. ఈ చివరిరోజున చొక్కా కాలరు ఆయన కూడా బాగా ఇస్త్రీ చేసుకొచ్చాడు.

అక్కగారు కాలు బయట పెట్టబోతుంటే వెనక నుంచి కెప్టెన్ వచ్చాడు. మొహంలో రక్తం లేదు.

"అక్కగారూ, టవర్ నుంచి కబురు. మా అమ్మాయికి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగిందట."

చెప్పక్కర్లేకుండానే డాక్టరమ్మ లేచి వచ్చేసింది, చేతిలో సగం అల్లిన స్వెట్టరుతో సహా. "నేను వెళ్లాలి. ఆ విమానం మన ఊరికే కదా పోయేది? నన్ను ఎక్కించండి."

"మనిషికి మనిషి కావాలి డాక్టరమ్మా," అంది అక్కగారు. తలుపులోంచి గొంతెత్తింది. "ఏవండీ! మీ వైపు నుంచి ఒక మనిషి కావాలి! వెనక్కి మీ ఊరికి పోయేవాళ్లు ఎవరన్నా ఉన్నారేమో అడగండి!"

ఆయన లోపలికి తిరిగి అడిగాడు. ఎదురు విమానం అంతా గుసగుసలాడింది. బయల్దేరి సగం దూరం వచ్చినవాళ్లు ఎవరు వెనక్కి పోతారు? ఒక సూటు ఆయన చెయ్యెత్తాడు. అత్తారింటికి వెళ్తున్నాడట. పక్కన కూర్చున్న భార్య ఆ చేతిని పట్టుకుని కిందికి దించి, మళ్లీ లేవకుండా దాని మీద తన సంచీ పెట్టింది. ఇంకెవరూ కదల్లేదు.

కెప్టెన్ అటు చూశాడు, ఇటు చూశాడు. ఆయన పోకపోతే విమానం నడిచేదెలా? పక్క పైలట్ సంగతీ అంతే. డాక్టరమ్మ స్వెట్టరు సూదులు ఉన్ని ఉండలో గుచ్చి నిలబడింది.

అక్కగారికి ఆలోచించడానికి వీధి చివరిదాకా దారి లేదు. ఆవిడ టోపీ తీసి డాక్టరమ్మ నెత్తిన పెట్టింది.

"నా బదులు మీరు వెళ్లండి. అందులో బిడ్డల తల్లులూ వాళ్లూ ఉంటారు, నీళ్లడిగితే ఇవ్వండి, బెల్టులు పెట్టుకోమనండి. నేను ఇందులోనే ఉండిపోతాను."

"మరి మీరు ఇంటికి?" అన్నాడు కెప్టెన్.

"నా సంగతి తర్వాత. ముందు అమ్మాయి సంగతి చూడండి."

డాక్టరమ్మ సన్నటి మనిషి. అక్కగారికీ ఆవిడకీ ఉన్న తేడా ఎంతో కళ్లతోనే కొలిచిన పక్క పైలట్ డాక్టరమ్మ పెట్టె తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు. అక్కగారు చూసింది గానీ చూడనట్టు ఊరుకుంది.

ఇటునుంచి డాక్టరమ్మ అడుగు వేసింది, అటునుంచి ఆయన వేశాడు. మధ్యలో ఇద్దరూ తిరిగారు. ఏం అప్పగించుకోవాలో తెలీక డాక్టరమ్మ, "మీ మోకాలు వాచింది, వేడి నీళ్ల కాపడం పెట్టండి," అని చెప్పి వెళ్లిపోయింది. ఆయన కుంటుకుంటూ వచ్చి, బల్ల దిగి, విమానంలోకి అడుగుపెట్టాడు. లోపల అక్కగారు నిలబడి ఉంది. ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ ఒకే నేల మీద నిలబడడం అదే మొదలు. ఇద్దరికీ ఎటు తప్పుకోవాలో తెలీలేదు.

"అప్పగింతలు..." అన్నాడాయన.

ఆవిడ గడగడా చెప్పేసింది. పెద్దాయన ఎడమ చెవి, పసుపు గౌను పిల్ల, వెనక సీటు ఆవిడ చెయ్యి. ఆయన తల ఊపి పనిలోకి దిగాడు. కెప్టెన్లు మారారు, పైలట్లు మారారు, బల్ల తీశారు. ఎదురు విమానం కిటికీలోంచి డాక్టరమ్మ కనబడింది. టోపీ నుదుటి మీదికి జారిపోతుంటే, వరసగా ఒక్కొక్కరి బెల్టూ తనే బిగిస్తూ వస్తోంది. సూటు ఆయన నోరు తెరిచి చూపిస్తున్నాడు, ఎందుకో మరి. రెండు విమానాలూ ఎవరి దారిన అవి కదిలాయి.

అక్కగారు వెనక గోడకున్న మడత సీటు దించుకుని కూర్చుంది. ఈ దారిలో కూర్చోవడం ఆవిడకు తెలీదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలీలేదు. రెండో మాట కోసం చూసింది. అది రాలేదు. ఆయన ఆవిడ వైపే రాలేదు.

ఆయన పెద్దాయన సీటు దగ్గరకు వెళ్లాడు. ఎడమ చెవి కిటికీ వైపుంది. నిలబడి అరిస్తే చుట్టుపక్కల అందరికీ వినబడుతుంది గానీ పెద్దాయనకు వినబడదు. అందుకని ముందు సీటుకీ ఆ సీటుకీ మధ్య ఇరుకులో దూరి, ఆ వాచిన మోకాలు నేలకు ఆనించి, కిటికీ వైపు నుంచి చెవిలో మెల్లగా అడిగాడు. పెద్దాయన నవ్వి ఏదో చెప్పాడు. ఆయన అంతా విన్నాడు, మధ్యలో ఒక్కసారి కూడా లేవబోలేదు. పసుపు గౌను పిల్లకి నిమ్మకాయ ముక్క ఇచ్చి వాసన చూస్తుండమన్నాడు. ఆ ముక్క ఇంటి దగ్గరే కోసి డబ్బాలో పెట్టుకొచ్చాడు. పిల్లలకి వాంతులని అక్కగారు ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో, ఆ డబ్బా మూత అంత అరిగిపోయి ఉంది.

తను చెప్పిన మాటలు బల్ల దాటాక ఏమవుతాయో అక్కగారు ఎప్పుడూ చూడలేదు. చెప్పేది, వెళ్లిపోయేది. విన్నాడో లేదో, విన్నా మర్చిపోయాడో అనుకునేది. ఒక్క మాట కూడా నేల మీద పడలేదు. ఎవరో ముసలాయన చెవి కోసం, పేరు తెలీని పిల్ల కడుపు కోసం, ఈ మనిషి రోజూ మోకాలు విరుచుకుంటున్నాడు. ఆ మోకాలు ఎలా పోయిందో అక్కగారికి అప్పుడు తెలిసింది. ఆవిడకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా, చేతిరుమాలు తీసి ముక్కు గట్టిగా చీదింది.

విమానం కిందికి దిగడం మొదలైంది. ఆయన వెనక సీటు ఆవిడ దగ్గరకు వచ్చేసరికి ఆవిడ చెయ్యి అప్పటికే అక్కగారి చేతిలో ఉంది. ఆయన పక్క మడత సీటు దించుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి ఊరు కనబడుతోంది. ఎర్ర పెంకుల కప్పులు, ఒక చెరకు తోట, ఒక చిన్న రన్‌వే.

"రోజూ ఒక్క మాటేగా," అంది అక్కగారు. "ఇవాళ ఇంత సమయముంది. ఏమన్నా మాట్లాడండి."

ఆయన వాచిన మోకాలు రాసుకున్నాడు. "అలవాటు తప్పింది. ఏం చెప్పాలన్నా రేపటిదాకా ఆగి చెబుదామనిపిస్తోంది."

అక్కగారు పకపకా నవ్వింది. చెయ్యి పట్టుకున్నావిడ భయం మర్చిపోయి తనూ నవ్వింది. ఆ నవ్వులోనే చక్రాలు నేలకు తగిలాయి.

ఈ ఊరి విమానాశ్రయం కూడా ఒక్క గదే. ప్రయాణికులందరూ వెళ్లిపోయాక ఇద్దరూ బయట బెంచీ మీద కూర్చున్నారు. ఇంకా పొద్దు వాలలేదు. కాసేపటికి టవర్ మీద మనిషి కిటికీలోంచి తల బయట పెట్టి అరిచాడు.

"అటు నుంచి కబురు! ఆడపిల్ల! తల్లీ బిడ్డా క్షేమం! డాక్టరమ్మ ఇంకా టోపీ తియ్యలేదట!"

అక్కగారు గట్టిగా ఊపిరి వదిలింది. ఆయన లేచి, మోకాలు సవరించుకుని, తన కొత్త కిటికీ వైపు చూశాడు.

"రేపటి విమానంలో మీకు సీటు చూడమంటారా? నా మొదటి టికెట్టు మీదే అవుతుంది."

"సీటెందుకు?" అంది అక్కగారు. "మీరు దిగిపోయారు. మీ చోటు ఖాళీ. మా వైపు ఒక అమ్మాయి ఎన్నాళ్లనుంచో నా పని కోసం కాచుకుని ఉంది. యూనిఫాం నా ఒంటి మీదే ఉంది. పొద్దున ఇటునుంచే ఎక్కుతాను, సగం దారిలో మారతాను, సాయంత్రం మళ్లీ ఇక్కడే దిగుతాను."

ఆయనకు వెంటనే ఎక్కలేదు. "సాయంత్రం ఇక్కడ దిగి..."

"దిగి ఇంటికొస్తానండీ. మనింటికి." ఆవిడ లేచి నిలబడి సంచీ భుజానికి తగిలించుకుంది. "అంతదాకా మీ మేనత్తగారి గదిలో నాకింత చోటు చాలు. పెళ్లెప్పుడన్నది ఆవిడా మా చెల్లెలూ తేల్చుకుంటారు. ముందు నడవండి, దారి చూపించండి."

ఆయన నడక మొదలుపెట్టాడు. మేనత్త చూరు ఇంకా కారుతోందని, గుమ్మం ఎత్తు తక్కువ కనక తల జాగ్రత్త అని, సూపులో ఉప్పు విషయంలో నిజానికి తప్పు తనదేనని, వానాకాలం నుంచీ పొద్దున్నే లేచి అద్దం ముందు మాటలు కూడబలుక్కుంటున్నానని చెప్పాడు. ఆ వీధి మలుపు తిరిగారు, ఇంకో వీధి మలుపు తిరిగారు. ఆయన చెబుతూనే ఉన్నాడు. కుంటికాలు కనక మెల్లగా నడుస్తున్నాడు, అక్కగారు ఇంకా మెల్లగా నడుస్తోంది.